అతిసన్నాహం అధ్యాపకునికి అలంకారం కాదు

విశ్వవిద్యాలయంలో క్రొత్తగా చేరిన అధ్యాపకుడు రేయింబవళ్లు మేలుకొని పాఠానికి సిద్ధపడుతున్నాడని వింటే మన పెద్దలు మురిసిపోతారు. నేను మురియను. అందులో శ్రద్ధ కంటె భయం పాలు ఎక్కువ.

చిన్న లెక్క చూడండి. యు.జి.సి. 2018 నిబంధనలు అసిస్టెంటు ప్రొఫెసరుకు వారానికి 16 గంటల బోధనను, మొత్తం మీద 40 గంటలకు తగ్గని పనిని విధించాయి. గంట పాఠానికి నాలుగు గంటల సన్నాహమైతే 64 గంటలు. బోధనతో కలిపి 80. ఇక పరిశోధన ఎప్పుడు? నిద్ర ఎప్పుడు? గంటకు గంట చాలుననుకొంటే 32తో ముగుస్తుంది. ఎనిమిది గంటలు చేతిలో మిగులుతాయి.

"సిద్ధపడకుండా పాఠం చెప్పమంటారా?" అని పండితమిత్రులు కన్నెఱ్ఱ చేయవచ్చు. అట్లా అనను, హద్దు ఉండాలంటున్నాను. కూర్చుకొన్న సరకునంతా గంటలో దించివేయాలనే ఆత్రంలో విద్యార్థి ముఖం చూసే తీరిక ఎక్కడిది? నిండుకుండ తొణకదంటారు. ఈ కుండ తొణకడమే కాదు, తరగతినే ముంచివేస్తుంది.

అమెరికాలో క్రొత్త అధ్యాపకులను ఏళ్ల తరబడి పరిశీలించిన మనస్తత్వశాస్త్రజ్ఞుడు రాబర్ట్ బాయిస్, 2000లో వారికోసమే ఒక పుస్తకం వెలువరించాడు. దాని సారం ఒక్క మాట: మితం. త్వరగా నిలదొక్కుకొన్నవారు సన్నాహానికి హద్దు పెట్టుకొన్నారు. సెలవుల కోసం కాచుకోక రోజూ కొద్దిసేపు వ్రాశారు. తోటివారిని సలహా అడగడానికి సిగ్గుపడలేదు. తరగతిలో విద్యార్థులకు మాట్లాడే అవకాశమిచ్చారు. వీటిలో పుట్టుకతో వచ్చే ప్రతిభ ఏదీ లేదు. అన్నీ అలవాట్లే.

బడిపిల్లలకు తెలుగు చెప్పడానికి నేను పండిత శిక్షణ పొందవలసి వచ్చింది. ప్రశ్న వేసి జవాబు కోసం ఆగడం అక్కడ నేర్చిందే. విశ్వవిద్యాలయ ప్రవేశానికి అటువంటి బోధనాభ్యాసం నియమం కాదు. పైగా సీనియర్లు వదిలించుకొన్న పేపర్లన్నీ క్రొత్తవాని నెత్తిన రుద్దడం పలు శాఖలలో ఆచారం. తరువాత "ఈ కాలపు కుఱ్ఱవాళ్లకు పస లేదు" అని పెదవి విరుపు! నష్టపోయేది ఎవరు? తమ ఇంట తొలిసారిగా విశ్వవిద్యాలయం గడప తొక్కిన పిల్లలు.

కాబట్టి శాఖాధ్యక్షులారా, మొదటి సంవత్సరం వారికి ఒకటి రెండు పేపర్లు తగ్గించండి. మీ తరగతిలో కూర్చోనివ్వండి. క్రొత్త అధ్యాపకులారా, రాత్రి పదింటికి పుస్తకం మూయండి. రేపటి పాఠంలో మీకు తెలియని ప్రశ్న వస్తే రానివ్వండి. "చూసి చెబుతాను" అన్నందుకు ఏ గురువు గౌరవమూ తగ్గలేదు.

విభేదించేవారు వాదంతో రండి, స్వాగతం.