గృహవిజ్ఞానము: పాలలో నీచువాసన

పాలకీడు ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. వారి యింట రెండు సంకరజాతి యావులు గలవు. అందొకదాని పాలు పిదుకునప్పుడే నీచువాసన కొట్టుచున్నవట. చెంబు సరిగా తోమలేదని అత్తగారు కోడలిని నిందించుచున్నారట. కృష్ణకు చేరువనున్న యూళ్లవారికి చేపల వాసన క్రొత్త గాదు గాని, పాలలో నది వచ్చినచో నెవరికైనను రోతయే.

నేరమెవరిదో తేల్చుట కష్టము గాదు. రెండావుల పాలను, వేడినీట కడిగిన వేర్వేరు చెంబులలో పిదికి, మూతపెట్టి, వాసన చూడవలెను. మఱునాడు చెంబులను మార్చవలెను. వాసన చెంబును వెంబడించినచో తోముటలో లోపము; ఆవును వెంబడించినచో కోడలు నిర్దోషి.

పిదప మేతను విచారింపవలెను. వయ్యారిభామ, ఉల్లియాకు మేసిన పశువుల పాలు రుచి చెడును. పొదుగువాపు వచ్చినను, వట్టిపోవు దినములు సమీపించినను పాలు ఉప్పనగును. ఇవేవియు గానిచో దోషము పుట్టుకతో వచ్చినదేమో యని సందేహింపవచ్చును.

పశువు కడుపులోని సూక్ష్మజీవులు మేతనుండి ట్రైమిథైలమీన్ అను పదార్థమును పుట్టించును. కుళ్లిన చేపల కంపు దీనిదే. కాలేయమునందలి యొక ఎంజైము దానిని వాసనలేనిదానిగ మార్చివేయును. ఆ ఎంజైమునకు మూలమైన ఎఫ్‌ఎంఓ3 అను జన్యువు చెడినచో కంపు పాలలోనికి దిగును. స్వీడను దేశపు ఎఱుపు తెలుపు జాతి యావులలో నిట్లు జరుగుచున్నదని 2002లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. జన్యువునం దొక్క యక్షరము మాఱుటచే ఎంజైము నడుమనే తెగిపోవుచున్నది. కొన్ని కోళ్ల గ్రుడ్లలోని చేపకంపునకును ఈ జన్యువే కారణమని 2005లో తేలినది. మనుష్యులలో సైత మీ లోపము గలదు. పాపము, అట్టివారి చెమటయే కంపు కొట్టును.

ఈ లోపము తల్లివైపునుండియు తండ్రివైపునుండియు వచ్చినగాని బయటపడదు. ఒకవైపుననే వచ్చినచో పాలు కమ్మగనే యుండును, దూడకు మాత్రము సంక్రమింపవచ్చును. ఆబోతు పాలీయదు గదా, దాని గుట్టెవరికి దెలియును? సూదితో చూలు కట్టించు నీ కాలమున నొక్క ఆబోతు వీర్యము ఎన్నియో యూళ్లకు పోవుచున్నది. కావున గోపాలమిత్రను ఆబోతు సంఖ్య యడిగి వ్రాసియుంచుకొనవలెను. తండ్రి ఆబోతు వీర్యమునే కూతురికి మరల వేయింపరాదు. వేఱు వంశపు ఆబోతుతో చూలు కట్టించినచో, కంపు పాలిచ్చు ఆవునకు పుట్టిన పెయ్య సాధారణముగా మంచిపాలే యిచ్చును. తొందరపడి ఆవును సంతకు తోలనక్కరలేదు.

చెంబుల పరీక్ష ఫలితమును మాకు వ్రాయవలెనని ఆ సోదరిని కోరుచున్నాము. ఈ పుటను అత్తగారికి చదివి వినిపింపవచ్చును.