ఎనభైమూడు మెగాహెర్ట్జ్

ఈ వేసవిలో అమ్మ మా దగ్గరికి న్యూజెర్సీ వచ్చినప్పుడు, ఆవకాయ డబ్బాల మధ్య పాత తువాల్లో చుట్టి ఒక మదర్‌బోర్డు తెచ్చింది. అటక సర్దుతుంటే కనబడిందట. "పారేద్దామంటే చేతులు రాలేదురా, నీదేగా, నువ్వే చూసుకో" అని నా చేతిలో పెట్టింది. 1998లో నాన్న పీఎఫ్ లోను పెట్టి గుంటూరులో అసెంబుల్ చేయించిన మా మొదటి కంప్యూటరు తాలూకు బోర్డు అది. ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్, పెంటియం ఎంఎంఎక్స్ 166.

దానితో వచ్చిన చిన్న పుస్తకం ఎప్పుడో పోయింది. బోర్డు మీద మూడు జంపర్లు ఉన్నాయి, వేటిని పెడితే ఏ వేగమో రాసి లేదు. అలాంటప్పుడు ఏం చెయ్యాలో చెప్తాను, మీ ఇంట్లోనూ ఇలాంటిది ఉంటే పనికొస్తుంది.

ముందు చిన్న వెండి బిళ్ళలాంటి క్రిస్టల్ కోసం వెతకండి. దాని మీద 14.318 అని ఉంటుంది. ఈ అంకెకో కథ ఉంది. అమెరికా కలర్ టీవీలో రంగుల సంకేతం 3.58 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచేది. దానికి నాలుగు రెట్లు ఈ 14.318. 1981లో ఐబీఎం మొదటి పీసీ చేసినప్పుడు ఇదే క్రిస్టల్ పెట్టి, నాలుగుతో భాగించి టీవీకి, మూడుతో భాగించి ప్రాసెసరుకి వాడుకుంది. ఆ 4.77 మెగాహెర్ట్జ్ అలా వచ్చిందే. మన దూరదర్శన్‌ది పాల్ పద్ధతి, ఈ అంకెతో దానికి పనే లేదు. అయినా తెనాలిలో మా ముందుగదిలో అమెరికా టీవీ లెక్క ఒకటి ఏళ్ళ తరబడి కొట్టుకుంటూ ఉండేదన్నమాట.

క్రిస్టల్‌ని ఆనుకుని రెండు పక్కలా కాళ్ళున్న సన్నటి చిప్పు కనబడుతుంది. అదే క్లాక్ జనరేటర్. క్రిస్టల్ ఇచ్చే ఒక్క తాళాన్ని తీసుకుని ప్రాసెసరుకి ఒకటి, పీసీఐ స్లాట్లకి ఒకటి వేరువేరుగా తయారుచేసి పంచుతుంది. ఐసీఎస్, సైప్రస్, విన్‌బాండ్, ఐసీ వర్క్స్, ఎక్కువగా వీళ్ళ చిప్పులే తగులుతాయి. భూతద్దం పెట్టి మొత్తం నంబరు రాసుకోండి. చివర గీత తరవాత వచ్చే అంకెల్ని వదిలెయ్యొద్దు, అవి మారితే వేగాల పట్టిక కూడా మారిపోవచ్చు. ఇంకో చోట నాలుగంకెలు విడిగా ఉంటే అది సాధారణంగా తయారీ తేదీ. నా చిప్పు మీద 9731 ఉంది, అంటే 1997లో 31వ వారం.

ఆ నంబరుతో డేటాషీట్ దొరికితే సగం పని అయినట్టే. అందులో ఎఫ్ఎస్0, ఎఫ్ఎస్1, ఎఫ్ఎస్2 అని వేగాన్ని ఎంచే కాళ్ళు ఉంటాయి. మల్టీమీటరుని బీప్ మోడ్‌లో పెట్టి, ఏ కాలు ఏ జంపరుకి వెళ్తోందో పట్టుకోవాలి. బోర్డుకి కరెంటు ఉండకూడదు సుమా. మూడు కాళ్ళంటే ఎనిమిది కలయికలు, పట్టికలో ఎనిమిది వరసలు. సరిచూసుకోవాలంటే బోర్డుని నడిపించి, పీసీఐ స్లాటులో బీ16 పిన్ను దగ్గర ఫ్రీక్వెన్సీ కౌంటరుతో కొలవచ్చు. 33.3 రావాలి.

నేను పట్టికలో ఒక వరస దగ్గర ఆగిపోయాను. ప్రాసెసరుకి 83.3. పక్క గడిలో పీసీఐకి 41.6.

1999లో నేను ఇంటర్ చదువుతున్నా. పుస్తకంలో లేని జంపరు కలయిక ఒకటుందని, పెడితే 166 కాస్తా 208 అవుతుందని క్లాసులో ఒకడు చెప్పాడు. 66.6ని రెండున్నరతో హెచ్చిస్తే 166, 83.3ని హెచ్చిస్తే 208. ఓ మధ్యాహ్నం నాన్న స్కూలుకి వెళ్ళాక పెట్టేశాను. తెర మీద 208 చూసి ఎంత గంతులేశానో! ప్రాసెసరు నిజంగానే తట్టుకుంది. కానీ ఈ బోర్డులో పీసీఐ వేగం ఎప్పుడూ అందులో సగమే. 33కి తయారైన దారిని 41తో తోలాను. హార్డ్ డిస్కు నడిచేది ఆ దారి మీదే. మూడోరోజుకి ఫైళ్ళ పేర్లు పిచ్చిగీతలయ్యాయి, ఆ తరవాత విండోస్ లేవనే లేదు. నేను గుట్టుగా జంపరుని వెనక్కి పెట్టేశాను.

అందులో నాన్న ఐలీప్‌లో ఒక్క వేలితో మూడు నెలలు కొట్టిన నాయనమ్మ పాటలున్నాయి. నలుగు పాటలు, తలుపుల పాటలు, అప్పగింతల పాటలు. ఆవిడ పాడుతుంటే చిత్తు కాగితాల మీద రాసుకుని, టైపు చేశాక ఆ కాగితాలు పారేశారు. మళ్ళీ అడుగుదామనుకునేలోపు ఆవిడకి పక్షవాతం వచ్చి మాట పోయింది.

కంప్యూటరు బిగించిన కుర్రాడిని పిలిపించారు. "పాత డిస్కు అంటగట్టావు" అని నాన్న ఆరోజు అరిచిన అరుపు నాకింకా గుర్తే. ఆయన అలా అరవడం అంతకుముందు నేను చూడలేదు. ఆ అబ్బాయి "లేదు సార్, కొత్తదే సార్" అంటూనే ఉన్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి వింటూనే ఉన్నాను.

ఆదివారం నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పాను, జంపరు, 41.6, అన్నీ. పాటల గురించి అడుగుతారనుకున్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఆ అబ్బాయికి పదిహేనువందలు బాకీరా. డిస్కు పోయిందని ఆపేశాను" అన్నారు.

పేరు ఇద్దరికీ గుర్తు రాలేదు. "సన్నగా ఉండేవాడు, లూనా మీద వచ్చేవాడు" అన్నారు నాన్న. ఇప్పుడు వాడికి నలభై దాటి ఉంటాయి. డిసెంబరులో ఇంటికి వెళ్తున్నాను. నాన్న తనూ గుంటూరు వస్తానన్నారు, ఆ వీధిలో అడిగి చూద్దామని.