డ్రైవర్‌ను అనే ముందు, బంగారం తీసే ముందు

పాత పికప్ బండి డీజిల్ ఎక్కువ తాగుతోందంటే మా నారాయణఖేడ్ వైపు రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి, డ్రైవర్ డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడు. రెండు, బండి పనైపోయింది, కొత్తది తీసుకోండి. మొదటి మాటతో ఒక పిల్లాడి పని పోతుంది. రెండో మాటతో ఇంటి ఆడవాళ్ల మెడలోది బ్యాంకుకు పోతుంది. అందుకే ఇది మగవాళ్ల గ్యారేజీ ముచ్చటని మనం వదిలెయ్యకూడదంటాను.

మా ఇంట్లోనూ పోయినేడు ఇదే పంచాయితీ. లీటరుకు 12న్నర కిలోమీటర్లు వచ్చే బండి 10కి పడింది. "వదినా, కొత్తది తీస్కోండ్రి, డీజిల్ల మిగిలే పైసలతోనే కిస్తీ ఎల్లిపోతది" అన్నాడు మా మరిది. వినడానికి బాగానే ఉంది. లెక్కకు నిలబడలేదు. మా బండి నెలకు 2,000 కిలోమీటర్లు తిరుగుతుంది. 10 చొప్పున 200 లీటర్లు. కొత్త బండి 15 ఇస్తుందనే అనుకుందాం, 133 లీటర్లు. మిగిలేది 67 లీటర్లు, లీటరు 95 వేసుకుంటే 6,400 లోపే. కిస్తీ 14,000. మిగతా 7,600 ఎవరిస్తారు? ముందు కట్టే డబ్బుకు నా హారం సరేసరి. అదే పాత బండి మళ్లీ 12న్నరకు వస్తే 160 లీటర్లు చాలు. నెలకు 3,800 మిగులు, అప్పు లేకుండా.

అసలు మైలేజీ ఎంతో చాలామందికి తెలియనే తెలియదు. పొద్దున 500, సాయంత్రం 1,000 అని పోయించుకుంటే ఎలా తెలుస్తుంది? ట్యాంకు నిండా పోయించి, పంపు దానంతటది ఆగగానే మీటరు అంకె రాసుకోవాలి. మళ్లీ నింపేటప్పుడు అదే బంకులో అలాగే నింపి, తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతో భాగించాలి. ఒక్కసారితో తేల్చకండి, మూడు నాలుగు సార్లు చూడండి. లోడుతో వెళ్లిన రోజులకు పక్కన గుర్తు పెట్టండి. మీటరే తప్పు చూపుతుందేమో హైవే మీద కిలోమీటరు రాళ్లతో సరిచూసుకోవాలి. పాల లెక్క రాసే చేతికి ఇదేం బ్రహ్మవిద్య కాదు.

మా డ్రైవర్ తండా పిల్లాడు. లెక్క రాసే పని అతనికే అప్పజెప్పాం. రెండు వారాల్లో తేలిందేమిటంటే, వెనక ఎడమ చక్రానికి బ్రేకు పట్టేస్తోంది. ఇరవై కిలోమీటర్లు నడిపాక చేయి దగ్గర పెడితే ఆ ఒక్క చక్రం సెగలు కక్కుతోంది. జాకీ ఎత్తి తిప్పితే మిగతా మూడూ ఆడాయి, అది కదలనంది. ఇంజన్ ఒకపక్క లాగుతుంటే బ్రేకు ఇంకోపక్క ఆపుతుంటే డీజిల్ ఎక్కడ మిగులుతుంది? అప్పటికి ఆ పిల్లాణ్ని దొంగ అన్నవాళ్లు నలుగురు. ఆ తర్వాత ఒక్కరూ నోరు మెదపలేదు.

మిగతావీ చిన్నచిన్నవే. మా తండాల దారుల దుమ్ముకు ఎయిర్ ఫిల్టర్ తొందరగా మూసుకుపోతుంది, నల్లపొగ వస్తే ముందు దాన్నే చూడాలి. టైర్లలో గాలి బండి చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. ఇంజన్ అరుస్తున్నా వేగం అందుకోకపోతే క్లచ్ జారుతున్నట్టు. ఇంకొకటి, ఎండాకాలంలో బండి వేడెక్కుతోందని కొందరు మెకానిక్‌లు థర్మోస్టాట్ వాల్వ్ తీసి పారేస్తారు. అప్పుడు ఇంజన్ కావలసినంత వేడెక్కక డీజిల్ ఎక్కువ కాలుస్తుంది. వాల్వ్ ఉందో లేదో అడగండి. ఇంజెక్టర్లు మార్చమంటే పరీక్ష చేయించాకే పైసలు తియ్యండి, అది పెద్ద ఖర్చు.

ఇక వేగం. 161 నంబరు జాతీయ రహదారి నాలుగు వరుసలయ్యాక పాత బండ్లు కూడా 80 మీద పోతున్నాయి. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికే డీజిల్ ఖర్చవుతుంది. 1978 నుంచి ఇంధన పొదుపు గురించి చెబుతున్న కేంద్ర సంస్థ పీసీఆర్ఏ, 45 నుంచి 55 మధ్య నడపమంటుంది. టార్పాలిన్ పటపటా కొట్టుకోకుండా బిగించి కట్టడమూ ఇందులో భాగమే.

డీజిల్‌లో కలిపే సీసా మందుల మీద నాకు నమ్మకం లేదు. అమెరికాలో ఈపీఏ అనే ప్రభుత్వ సంస్థ ఇంధనం ఆదా చేస్తామనే పరికరాలు, మందులు వందకు పైగా పరీక్షిస్తే, కొంచెమైనా మేలు చేసినవి చాలా తక్కువ. బీదర్ వైపు డీజిల్ చవక అని పనిగట్టుకుని వెళ్లడమూ అంతే. లీటరుకు 4 రూపాయలు తగ్గినా 40 లీటర్లకు 160 మిగులుతుంది. అందుకోసం పోనూ రానూ 20 కిలోమీటర్లు అదనంగా తిరిగితే 2 లీటర్లు, అంటే 190 ఖర్చు. అటువైపు సరుకుంటే సరే.

లీటరు లెక్కలో కనబడని నష్టం ఇంకొకటుంది, ఖాళీ తిరుగుడు. మా బండి బేగంబజార్ నుంచి కిరాణా సామాను తెస్తుంది, వెళ్లేటప్పుడు ఖాళీ. బండి ఎంత బాగున్నా ఆ డీజిల్ దండగే. కందుల కాలంలో ఎవరైనా నాలుగు బస్తాలు పట్నం పంపుతారా అని ముందురోజే ఫోన్లు చేసి అడుగుతున్నాం. నెలలో మూడు సార్లు దొరికినా ఆ డీజిల్ డబ్బు వెళ్లిపోతుంది.