రిపోర్టు నార్మల్ అయితే హోరు అబద్ధమా?

ప్రొద్దుటూరులో మా వీధిలోనే చెవిలో హోరని బాధపడే ఆడవాళ్లు ముగ్గురున్నారు. ముగ్గురికీ ఇంట్లో దొరికే జవాబు ఒక్కటే. "ఏమీ లేదు, ఊరికే దాన్నే తల్చుకుంటా ఉంటావు!" ఈ మాట మీదే నాకు అభ్యంతరం.

పులివెందులలో ఉన్న మా ఆడబిడ్డ సంగతే చూడండి. "వదినా, పగలు పనుల్లో తెల్దు. రాత్రి పండుకుంటే రెండు చెవుల్లోనూ కుయ్యిమని ఒకటే మోత" అనేది. ముందు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోశారు. (కర్ణభేరికి చిల్లుంటే ఆ నూనె ఎంత చేటో!) తర్వాత ఎవరో చెప్పారని ఏకంగా తలకు స్కానింగ్ తీయించారు. నార్మల్ అని వచ్చింది. ఇక ఆమె నోరెత్తితే ఒట్టు. "ఇంత డబ్బు పోసినా ఏమీ లేదన్నారు కదా!" అని అందరూ ఆమెనే అనేవాళ్లు. వినికిడి ఎంతుందో మాత్రం ఎవరూ కొలవలేదు. నిరుడు కడపలో ఆ పరీక్ష చేయిస్తే, సన్నటి శబ్దాలు వినే శక్తి తగ్గిందని తేలింది. స్కానింగులో గడ్డ కనిపించలేదంటే గడ్డ లేదనే అర్థం. మోత లేదని కాదు.

నిజానికి మొదట చేయాల్సినవి చిన్న పరీక్షలే. డాక్టరు లైటు వేసి చెవి లోపల చూస్తారు. గులిమి గడ్డకట్టినా హోరు వస్తుంది, తీసేస్తే పోవచ్చు. తర్వాత ఆడియోగ్రామ్. శబ్దం చొరబడని గదిలో హెడ్‌ఫోన్లు పెట్టి, వినపడినప్పుడల్లా మీట నొక్కమంటారు. సూది లేదు, నొప్పి లేదు. కర్ణభేరి సరిగా కదులుతోందా అని చూసే టింపనోమెట్రీ కూడా అంతే. చెవిలోని బుల్లి ఎముక బిగుసుకుపోయే జబ్బు ఒకటుంది. అది మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో ఎక్కువ. గర్భంతో ఉన్నప్పుడు వినికిడి తగ్గిందంటే దాన్నీ అనుమానించాలి.

బీపీ, రక్తపరీక్ష కూడా అడగండి. రక్తం తక్కువైనా గుండె కొట్టుకున్నట్టు చెవిలో దబదబమని మోగొచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే.

మరి స్కానింగ్ ఎవరికి? ఒక్క చెవిలోనే హోరుంటే, రెండు చెవుల వినికిడిలో తేడా ఉంటే, నాడి లయలో మోగుతుంటే, మూతి వంకరపోవడం వంటి నరాల లక్షణాలుంటే తీయాల్సిందే. ఇవేవీ లేకుంటే ఊరికే తీయొద్దని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల సంఘం 2014లోనే చెప్పింది. మన ఊళ్లలో తంతు తిరగబడింది. పెద్ద స్కాను ముందు, చిన్న పరీక్ష చివర!

డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుపోండి. క్షయకు వేసే కొన్ని ఇంజెక్షన్లు, ఎక్కువ మోతాదులో ఆస్పిరిన్ చెవిని దెబ్బతీస్తాయి. చేసే పని కూడా చెప్పండి. జమ్మలమడుగు వైపు బండల పాలిషింగ్ యంత్రాల దగ్గర ఏళ్ల తరబడి నిలబడే ఆడకూలీకి ఆ సంగతే సగం రోగనిర్ధారణ.

ఒకటి మాత్రం వాయిదా వేయొద్దు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకుండా పోయి హోరు మొదలైతే, ఇంట్లో పెళ్లున్నా సరే, ఆ రోజే బయల్దేరండి. దానికిచ్చే స్టెరాయిడ్ మందు మొదటి రెండు వారాల్లో పడితేనే ఎక్కువ గుణం.