ఓటరుకి కావాల్సింది ఉపదేశం కాదు

వార్డు ఎన్నికల ఓటర్లకి పనికొచ్చే టూల్స్ రాస్తుంటాను, శ్రీనగర్ కాలనీలో కూర్చుని. "2020 జీహెచ్ఎంసీ ఎన్నికల్లో పోలైంది 46.55 శాతమే. బద్ధకానికి కోడ్ ఏం చేస్తుంది?" అంటారు మా ఆఫీసు మిత్రులు.

అంతా బద్ధకమే కాదండీ. అప్పటి 150 వార్డుల్లో శ్రీనగర్ కాలనీ అన్న పేరే లేదు! కొత్తగా అద్దెకి దిగినవాళ్ళకి తమ వార్డేదో ఎలా తెలుస్తుంది?

అసలు జాబితాలో పేరే లేకపోతే? 2018 అసెంబ్లీ ఎన్నికల్లో అలా పేరు గల్లంతైనవాళ్ళలో గుత్తా జ్వాల కూడా ఉన్నారు. అప్పటి ముఖ్య ఎన్నికల అధికారి రజత్ కుమార్ క్షమాపణ చెప్పారు. చెబితే ఏం లాభం, ఓటు తిరిగొస్తుందా? వార్డు జాబితాలు తయారయ్యేది కూడా అసెంబ్లీ జాబితా నుంచే. అక్కడ పోయిన పేరు ఇక్కడా ఉండదు.

అందుకే నేననేది, పోలింగ్ రోజు "మీ పేరు లేదు" అని చెప్పే టూల్ శుద్ధ దండగ. దరఖాస్తు పెట్టుకునే టైముండగానే, నెలల ముందే చెప్పాలి. ఎవరికెయ్యాలో చెప్పకూడదు. ఫోన్ నంబరు అసలే అడగకూడదు. పోగేసిన డేటా రేపు ఏ పార్టీ చేతిలో పడుతుందో ఎవరికెరుక? డేటాబేసుల సంగతి మనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు చెప్పండి!