“అగుచున్నది” యను మాట

మన పాతబస్తీలో నేడు ఏ తండ్రి నడిగినను, తన కుమారుడో కుమార్తెయో సాఫ్ట్‌వేర్ ఇంజనీరు కావలెననియే చెప్పును. 1998వ సంవత్సరమున మాదాపూరులో సైబర్ టవర్స్ భవనము తెరువబడిన నాటనుండి ఈ కోరిక పెరుగుచునే యున్నది. మా పూర్వవిద్యార్థులు పలువురు మహాత్మాగాంధీ బస్సు స్టేషను వద్ద మెట్రో రైలెక్కి, అమీర్‌పేటలో బండి మారి, రాయదుర్గము చేరి ఈ యుద్యోగములు చేయుచున్నారు. సంతోషమే. అయితే ఆ పనికి ఆంగ్లమును గణితమును వచ్చిన చాలునను తలిదండ్రులతో మేము ఏకీభవింపజాలము.

గత వేసవిలో పూర్వవిద్యార్థి యొకడు మమ్ము జూడ వచ్చెను. తెలివిగలవాడు, ఆంగ్లము ధారాళముగా మాటలాడును. అతని కంపెనీలో ప్రతి యుదయమును అందరును కొలది నిమిషములు గూడి, నిన్న నేమి చేసితిమి, నేడేమి చేయుదుము, ఎక్కడ చిక్కుకొంటిమి అని చెప్పుకొందురట. ఉద్యోగమున చేరిన క్రొత్తలో ఇతడు ఒక చిన్న పనిలో మొదటి దినముననే చిక్కుకొనెను. అయినను నాలుగు దినములు “అగుచున్నది” అనియే చెప్పెను. ఐదవనాడు, అతని పనికై కాచుకొనియున్న మరియొక బృందమువారి పనియు నిలిచిపోగా సంగతి బయటపడెను. పైయధికారి కోపపడలేదు. “మొదటినాడే యడిగియుండిన అరగంటలో తేలునది గదా!” అని మాత్రమనెను.

ఎందుకడుగలేదురా యని మేమనగా అతడు కొంచెము నవ్వి, “మీ తరగతిలో తెలియదన్న వానిని బెంచి యెక్కించెడివారు గదా, సార్” అనెను. మేము మారు పలుకలేకపోతిమి.

ఇది క్రొత్తవారి పొరపాటు మాత్రమే కాదు. అమెరికాలోని నాసా సంస్థ పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ 1999 సెప్టెంబరు 23వ తేదీన అంగారకుని చేరుచు నశించెను. చిన్న యింజనుల త్రోపుబలమును ఒక పక్షమువారి ప్రోగ్రాము పౌండ్ల కొలతలో నీయగా, రెండవ పక్షమువారు దానిని న్యూటన్ల కొలత యనుకొనిరి. దారి లెక్కించువారిలో కొందరికి సందేహము ముందే కలిగెను. కాని అది విధిప్రకారము వ్రాతమూలమున పైకి పోయి పరిష్కారము కాలేదు. అక్కడ ఆంగ్లము రానివారెవరు?

లాడ్‌బజారులో లక్కగాజులు చేయించుకొనువారికి ఈ సంగతి బాగుగ తెలియును. పెండ్లికి నాలుగు దినములు ముందుగ “రాళ్లు రాలేదమ్మా” అని చెప్పు పనివానిని మన్నింతుము. పెండ్లినాటి యుదయమున చెప్పువానిని మన్నింపము.

అడుగుటకును ఒక పద్ధతి కలదు. “రావడము లేదు” అన్నచో ఎవరును సహాయము చేయజాలరు. నేనేమి చేయబోతిని, కంప్యూటరు చూపిన తప్పు ఉన్నదున్నట్లుగ ఏది, ఇంతవరకు ఏయే యుపాయములు చూచితిని, అని వ్రాసిపెట్టుకొని యడుగవలెను. చిత్రమేమనగా, అట్లు వ్రాయుచుండగనే పలుమారులు జవాబు తట్టును.

ఈ సంవత్సరము మా పదవ తరగతిలో ప్రతి శుక్రవారమును పిల్లలచేత చీటీ వ్రాయించుచున్నాము: ఈ వారము తెలిసినదేమి, తెలియనిదేమి. మార్కులు లేవు. మొదట అందరును “అన్నియు తెలిసినవి” అని వ్రాసిరి. బెంచి యెక్కింపమని వారికి నమ్మకము కలుగుటకు ఒక నెల పట్టెను. పిమ్మట ఒక బాలిక “త్రికోణమితి మొదటి పాఠమునుండియే నాకు తెలియలేదు” అని వ్రాసెను. ఆమెవలెనే మరికొందరును వ్రాసియుండిరి. ఆ పాఠమును మరల మొదటినుండి ప్రారంభించితిమి.