గోడ మీద ఓడ, గేటు బయట గంప

ఈ మధ్య విశాఖలో ఎవరి కొత్త ఫ్లాటు గృహప్రవేశానికి వెళ్ళినా హాల్లో ఒక లంగరు కనబడుతోంది. దానికి చుట్టిన తెల్లతాడు. పక్కనే చెక్కతో చేసిన ఓడ చక్రం, దాని నడుమ గడియారం. సోఫా వెనక మూడు కొయ్యల తెరచాప ఓడ నురగలు చిమ్ముకుంటూ వస్తుంటుంది. పిల్లల గదిలో ఎరుపు తెలుపు చారల లైట్‌హౌస్. బాత్రూం తలుపు మీద 'బీచ్' అని ఇంగ్లీషులో రాసి ఒక బాణం గుర్తు. బాణం చూపించిన వైపు గీజర్ ఉంటుంది. అసలు బీచ్ బాల్కనీ వైపు!

ఇల్లు ముచ్చటగా పెట్టుకుంటే నాకేం బాధ? నేవీలో పనిచేసి వచ్చినవాళ్ళ ఇళ్ళలో, తాము తిరిగిన ఓడ ముద్ర ఉన్న చెక్క పలక గోడకు ఉంటుంది. దాన్ని చూస్తే చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. అది వాళ్ళు బతికిన బతుకు. నా పేచీ అల్లా ఆన్‌లైన్‌లో సెట్టుగా దొరికే సముద్రంతోనే. ఆ ఇనప లంగరు మన ఉప్పుగాలికి ఎన్నాళ్ళు ఆగుతుంది? సున్నం మీద దిగిన తుప్పు చారల్ని రుద్దేది మనమే. ఇంకో సంగతి, తాడు చుట్టుకుపోయిన లంగరు అంటే నీళ్ళలో సరిగా పట్టు దొరకని లంగరు. అందం కోసం దాన్నే తెచ్చి తగిలించుకుంటున్నాం.

ఓడ ముఖం ఇంటి లోపలికి ఉండాలట. అప్పుడే డబ్బు లోపలికి వస్తుందని వాస్తు చెప్పేవాళ్ళ మాట. డబ్బు కోసం తెరచాపలెత్తుకుని మన తీరానికి ఓడలు నిజంగానే వచ్చాయండీ. 1611లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నంలో దిగింది అలాంటి ఓడలోంచే. దాని ముఖం మన వైపే ఉంది. లాభం ఎటు పోయిందో నేను చెప్పక్కర్లేదు.

పోనీ మనకు ఓడలు లేవా? యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు కొయ్యల ఓడ ఉంది. కోరంగిలో ఓడలు కట్టేవారు. ఆ రేవు పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళని కోరంగీలని పిలిచారు. 1839 తుఫానుకి ఆ ఊరు దెబ్బతిని మళ్ళీ కోలుకోలేదు. ఇవేవీ పెద్ద పెద్ద పుస్తకాల్లో దాగిన రహస్యాలు కావు. అయినా మన పిల్లల్ని పడవ బొమ్మ వెయ్యమనండి, రెండు తెల్ల త్రికోణాలు గీసి కింద అరచందమామ పెడతారు. దుంగలు కలిపి కట్టిన తెప్ప ఎలా ఉంటుందో తెలీదు. జాలారిపేట ఇక్కడికి ఎంత దూరం? రోజూ కళ్ళముందున్న గోడ ఏం చెబితే అదే వాళ్ళకు సముద్రం. అందులో విహారం ఉంటుంది, వేట ఉండదు.

వేట అంటే ఏమిటో 'తండేల్' సినిమా చూసినప్పుడు మాత్రం గుర్తొచ్చింది మనకి. గుజరాత్ వెళ్ళి వేట చేసుకుంటున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్‌కి పట్టుబడ్డారు. 2020 జనవరిలో గానీ ఇళ్ళకు రాలేదు. హాల్లో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాం. బయటికొచ్చి, ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధమైతే, చేపలు ఇంత ప్రియమా అని బేరమాడాం.

ఇప్పుడు అసలు విషయం. మా అపార్ట్‌మెంటులో పోయిన నెల ఒక నోటీసు అంటించారు. చేపలు అమ్మేవాళ్ళు గేటు దాటి లోపలికి రాకూడదట, లిఫ్టు ఎక్కకూడదట. వాసనట. ఆ నోటీసు ఉన్న లాబీ గోడ మీదే, నీలం చారల ఫ్రేములో, తెరచాప పడవ! అదే లిఫ్టులో రాత్రి తొమ్మిదింటికి అపోలో ఫిష్ పార్సిల్ ఘుమఘుమలాడుతూ నాలుగో అంతస్తుకి పోతుంది. దానికి ఏ నోటీసూ లేదు. ఫిర్యాదు చేసింది శాకాహారులైతే వాళ్ళ ఇబ్బంది నాకూ అర్థమయ్యేది. చేసినవాళ్ళింట్లో ప్రతి ఆదివారం వంజరం పులుసు కాగుతుంది. అరవై దాటిన ఆవిడ గంపెత్తుకుని ఎండలో గేటు దగ్గర నిలబడితే, వాచ్‌మన్ ఫోన్ చేసి పిలిస్తే, మనం ఏసీ కట్టేసి దిగి వెళ్ళి "తల తీసెయ్, ముక్కలు చిన్నవి కొట్టు" అంటాం. కత్తిపీట కడుక్కోవడానికి నీళ్ళు కూడా ఆవిడ పక్క కొట్లో అడిగి తెచ్చుకుంటోంది.

1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లిలో ఒక శాసనం వేయించాడు. తుఫానుకి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకుని అంతకుముందు రాజులు లాగేసుకునేవారు. ఇకమీదట న్యాయమైన సుంకం తప్ప ఏమీ తీసుకోమని, భయపడకుండా రండని, సముద్రం మీద వచ్చేవాళ్ళకి మాటిచ్చాడు. అభయ శాసనం అంటారు దాన్ని. మా అసోసియేషన్‌కి రాజ్యం లేదు గానీ శాసనాలకి లోటు లేదు.

"గోడ మీద బొమ్మకీ గేటు దగ్గర మనిషికీ ముడేమిటే?" అన్నారు మావారు. ముడి ఉంది. సముద్రం మనకి అందంగా కావాలి, నీలంగా కావాలి, వాసన లేకుండా కావాలి. ఆ బొమ్మలు అలాంటి సముద్రమొకటి ఉందని నమ్మిస్తాయి.

అందుకే ఒక కాగితం రాశాను. మూత ఉన్న డబ్బాలో తెచ్చుకుంటే ఆవిడకి పొద్దున 7 నుంచి 8 దాకా లిఫ్టు వాడుకోనివ్వాలి. వెనక కుళాయి దగ్గర కత్తిపీట వేసుకోనివ్వాలి. లిఫ్టు కడిగించడానికి ఫ్లాటుకి నెలకి పాతిక రూపాయలు. వచ్చే ఆదివారం మీటింగు. ఇప్పటికి పదకొండు సంతకాలు అయ్యాయి. మా పై అంతస్తులో శాకాహారి మామ్మగారు అందరికంటే ముందు పెట్టారు. ఓడ చక్రం ఉన్న ఫ్లాటువాళ్ళు మాత్రం ఆలోచించి చెబుతామన్నారు.